షంటింగ్ ఇంజన్ అంటే రిటైరైన ఇంజన్ కాదు

మెయిన్ లైన్ మీద పాతబడిపోయిన ఇంజన్‌ను యార్డులోకి తోలేస్తే షంటింగ్ పని, అంటే బోగీలనూ వ్యాగన్లనూ అటూ ఇటూ జరిపి కలపడం, విడదీయడం, దానంతటదే జరిగిపోతుందని మన దగ్గర ఒక నమ్మకం పాతుకుపోయింది. రైల్వేలోనూ ఉంది, సొంత సైడింగ్ (ఆవరణలోకి వేసుకున్న రైలు లైను) ఉన్న కంపెనీల్లోనూ ఉంది. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల రోజూ డీజిల్ పోతోంది, టైము పోతోంది, పట్టాల దగ్గర నిలబడి సిగ్నల్ ఇచ్చి, కప్లింగ్ తగిలించే పాయింట్స్‌మన్‌ల ప్రాణాలకు ముప్పు పెరుగుతోంది. ఈ మాట అనడానికి నాకు ధైర్యమిచ్చింది డబ్ల్యూడీఎస్-6 అనే ఇంజన్.

పేరు తెలియకపోయినా చాలామంది దీన్ని చూసే ఉంటారు. పెద్ద స్టేషన్లలో ఖాళీ బోగీలను పిట్ లైన్ నుంచి ప్లాట్‌ఫాం మీదికి నెమ్మదిగా నెట్టుకొచ్చే డీజిల్ ఇంజన్లలో ఇదొకటి. కాశీలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1970ల నడిమి నుంచి దీన్ని తయారు చేసింది. 2020లో ఆ కర్మాగారం బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది. రైల్వేకే కాకుండా ఉక్కు ఫ్యాక్టరీలు, రేవులు, థర్మల్ కేంద్రాలకు కూడా ఈ ఇంజన్లను పెద్ద సంఖ్యలో చేసి ఇచ్చారు. అందుకే దీని జీవితంలో ఎక్కువ భాగం ప్రయాణికుల కంట పడకుండా, గేటు లోపల, దుమ్ములో గడిచిపోయింది. ఫొటోలు తీసేవాళ్లు తక్కువ, రాసేవాళ్లు ఇంకా తక్కువ.

లోపల ఉన్నది అమెరికా ఆల్కో కంపెనీ 251 కుటుంబానికి చెందిన ఇంజన్. ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, ఒక్కోదానికి 9 అంగుళాల బోరు, పదిన్నర అంగుళాల స్ట్రోకు, మొత్తం మీద సుమారు 1,400 హార్స్‌పవర్. మీటర్ గేజ్ రోజుల్లో ప్రయాణం చేసినవాళ్లకు వైడీఎం-4 గుర్తుండే ఉంటుంది. దాని గుండె కూడా ఇదే. డబ్ల్యూడీఎస్-6లో ఆ గుండెనే తెచ్చి బ్రాడ్ గేజ్ ఫ్రేము మీద, ఆరు యాక్సిళ్ల మీద కూర్చోబెట్టారు. బరువు 126 టన్నులు.

ఆ బరువు దగ్గర కాసేపు ఆగాలి, అసలు సంగతంతా అక్కడే ఉంది. మన దేశంలో దశాబ్దాల పాటు ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ లాగిన డబ్ల్యూడీఎం-2ను తీసుకోండి. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, బరువు 112.8 టన్నులు. అంటే షంటింగ్ ఇంజన్‌కు శక్తి దానిలో సగం, బరువు మాత్రం దానికన్నా 13 టన్నులు ఎక్కువ. మొదటిసారి చూసినవాళ్లకు ఇది తలకిందుల లెక్కలా అనిపిస్తుంది. కానీ ఆ బరువు కావాలనే పెట్టింది.

ఒంగోలు వైపు బండ లాగుడు పోటీలు చూసినవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. అక్కడ గెలిచే జత పరుగెత్తే జత కాదు. ఒళ్లు బరువుగా ఉండి, గిట్టలు నేలను గట్టిగా పట్టుకునే జత. ఇంజన్‌కూ అంతే. నిలబడి ఉన్న రేకును, అంటే ఒకదానికొకటి తగిలించిన బోగీల లేదా వ్యాగన్ల వరుసను, కదిలించాలంటే చక్రం పట్టాను పట్టుకోవాలి. ఆ పట్టు బరువు మీద ఆధారపడుతుంది, హార్స్‌పవర్ మీద కాదు. పొడి పట్టా మీద బరువులో పాతిక శాతం లాగుడు దొరుకుతుందనుకుంటే, డబ్ల్యూడీఎస్-6కు ముప్పై టన్నుల పైన వస్తుంది, డబ్ల్యూడీఎం-2కు 28 టన్నులు వస్తుంది. మరి మిగతా హార్స్‌పవర్ ఎందుకు? వేగం కోసం. దారిలో నష్టాలు పోగా వెయ్యి హార్స్‌పవర్ చక్రాలకు అందిందనుకుంటే, గంటకు దాదాపు 9 కిలోమీటర్ల వేగం దాకా ఈ చిన్న ఇంజన్ తన పూర్తి లాగుడు ఇవ్వగలదు. మన నిబంధనల ప్రకారం యార్డులో షంటింగ్ వేగం మామూలుగా 15 కిలోమీటర్లు దాటకూడదు. అసలు పనంతా, అంటే రేకును కదిలించడం, దగ్గరికి తేవడం, కప్లింగ్ తగిలించడం, మనిషి నడక వేగంలోనే సాగుతుంది. ఆ వేగంలో 2,600 హార్స్‌పవర్ ఉన్నా చేసేదేమీ లేదు.

ఇప్పుడు లోడు వైపు చూద్దాం. 58 వ్యాగన్ల బొగ్గు రేకు నిండితే దాదాపు 5,000 టన్నులు. సమతలం మీద నిలబడ్డ రేకును కదిలించడానికి టన్నుకు నాలుగు కిలోల లాగుడు పడుతుందనుకున్నా, 20 టన్నులు కావాలి. డబ్ల్యూడీఎస్-6 ఒంటరిగా చేసేస్తుంది. స్టేషన్ యార్డుల్లో 400కు 1 కన్నా ఎక్కువ వాలు ఉండకూడదని రూలు. ఆ వాలు ఎదురైతే ఇంకో పన్నెండున్నర టన్నులు కలుస్తాయి. అప్పుడు లాగుడు చాలదు, రేకును రెండు ముక్కలు చేసి లాగాల్సి వస్తుంది. సైడింగుల్లో పనిచేసేవాళ్లు ఈ లెక్క కాగితం మీద వేయరు. యార్డులో ఏ లైను మీద ఎన్ని వ్యాగన్లు ఒక్కసారి కదులుతాయో వాళ్లకు తెలుసు. నేను చెప్పేది ఏమిటంటే, ఆ ఇంజన్‌ను గీసినవాళ్లకూ అది తెలుసు.

చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. డీజిల్ ఇంజన్ రైల్వేలోకి అడుగు పెట్టిందే షంటింగ్ యార్డు గుండా. 1923లో న్యూయార్క్ రాష్ట్రం నగరంలో ఆవిరి ఇంజన్లను నిషేధిస్తూ చట్టం చేసింది. పొగ లేని ఇంజన్ ఎక్కడిదని వెతుకుతున్న రోజుల్లో ఆల్కో, జనరల్ ఎలక్ట్రిక్, ఇంగర్‌సాల్-రాండ్ కలిసి 300 హార్స్‌పవర్ డబ్బా లాంటి ఇంజన్ తయారు చేశాయి. 1925లో సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ దాన్ని కొని, 1000 అని నంబరు వేసి, బ్రాంక్స్‌లోని చిన్న గూడ్స్ యార్డులో పెట్టింది. 1957 దాకా అది పని చేసింది. ఇప్పుడు బాల్టిమోర్ రైల్వే మ్యూజియంలో ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఒకే రకం పని! మెయిన్ లైన్ డీజిళ్లు దాని తర్వాత పుట్టినవే. మన దేశంలోనూ బ్రాడ్ గేజ్ మీద బాగా నిలదొక్కుకున్న తొలి డీజిళ్లు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికా నుంచి వచ్చిన డబ్ల్యూడీఎస్-1 షంటింగ్ ఇంజన్లే. 1960ల చివర్లో చిత్తరంజన్ కర్మాగారం డబ్ల్యూడీఎస్-4 మొదలుపెట్టింది. మూడే యాక్సిళ్లు, 60 టన్నులు, 700 హార్స్‌పవర్ లోపు. స్టేషన్ పనికి సరిగ్గా కొలిచి కుట్టినట్టు ఉండేది. నాలుగైదు బోగీలు కదపడానికి అంతకన్నా పెద్దది అక్కర్లేదు. బరువైన రేకులకు డబ్ల్యూడీఎస్-6 వచ్చింది. అంటే ఒకప్పుడు మన రైల్వే కూడా షంటింగ్‌ను ఒక ప్రత్యేకమైన పనిగా చూసి, దానికి తగిన యంత్రాన్ని ప్రత్యేకంగా చేయించుకుంది. ఆ దృష్టి ఎప్పుడు పోయింది?

1980ల్లో మొదలైందని నా అభిప్రాయం. అంతకుముందు ఎవరైనా ఒక్క వ్యాగన్ సరుకు కూడా బుక్ చేసుకోగలిగేవారు. అలాంటి వ్యాగన్లన్నీ మార్షలింగ్ యార్డులకు చేరి, అక్కడ ఊళ్లవారీగా విడిపోయి, మళ్లీ కలిసి వెళ్లేవి. తర్వాత రైల్వే మొత్తం రేకు ఒకే చోటి నుంచి ఒకే చోటికి అనే పద్ధతికి మారింది. లాభసాటి నిర్ణయమే, నేను తప్పు పట్టను. మార్షలింగ్ యార్డులు మూతపడ్డాయి. దానితో షంటింగ్ అనే పనే పోయిందన్న భావన కూడా కుదురుకుంది. కానీ పని పోలేదు. రైల్వే యార్డు నుంచి కంపెనీ గేటు లోపలికి మారింది, అంతే.

రామగుండం చూడండి. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రానికి సింగరేణి గనుల నుంచి బొగ్గు మెర్రీ-గో-రౌండ్ పద్ధతిలో వస్తుంది. రేకు గని దగ్గర నిండుతుంది, ప్లాంటుకు వస్తుంది, ట్రాక్ హాపర్ మీద వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు కిందికి జారుతుంది, మళ్లీ గనికి వెళ్తుంది. గని దగ్గర సైలో (బొగ్గు నిల్వ చేసే ఎత్తైన గాదె) కింద నింపేటప్పుడు రేకు ఆగకూడదు, తొందరపడకూడదు. గంటకు ఒక కిలోమీటరు కూడా లేని వేగాన్ని అలాగే నిలబెట్టాలి. ఆ వేగం ఒక్కసారి తప్పితే ఒక వ్యాగన్ పొంగిపోతుంది, పక్కది వెలితిగా పోతుంది. ఎక్కువైనదానికి రైల్వే జరిమానా వేస్తుంది, తక్కువైనదానికి ఖాళీ జాగాకు కూడా చార్జీ కట్టాలి.

విశాఖ ఉక్కు లోపల సంగతి మరీ వేరు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి కరిగిన ఇనుము ప్రత్యేకమైన బండ్లలో పట్టాల మీదే స్టీల్ మెల్ట్ షాపుకు వెళ్తుంది. సలసలా కాగే ఇనుమును కుదుపు లేకుండా తీసుకెళ్లాలి, ఆలస్యం కూడా చేయకూడదు. ఇలాంటి పని చేసే ఇంజన్‌ను ఎవరైనా పాత సామాను అనుకుంటారా?

నేను ఒక పెద్ద కర్మాగారం బొగ్గు సైడింగ్‌లో ట్రాఫిక్ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. మాకో ఆరు సిలిండర్ల షంటింగ్ ఇంజన్ ఉండేది. దాన్ని పెద్ద ఓవర్‌హాల్‌కు పంపినప్పుడు బదులుగా మెయిన్ లైన్ మీద పనిచేసి వచ్చిన పదహారు సిలిండర్ల ఇంజన్ అద్దెకు వచ్చింది. చూడటానికి దర్జాగా ఉంది, అందరం సంతోషించాం. పని మొదలయ్యాక తెలిసింది తేడా. ఆల్కో ఇంజన్ల హ్యాండిల్‌కు ఎనిమిది నాచ్‌లు, అంటే శక్తిని పెంచే మెట్లు, ఉంటాయి. 1,400 హార్స్‌పవర్‌ను ఎనిమిది మెట్లుగా విడగొట్టడం వేరు, అవే ఎనిమిది మెట్లలో దానికి రెండింతలు ఇవ్వడం వేరు. ఒక్క నాచ్ వేస్తే రేకు మొత్తం ధడ్‌మని కదిలేది. ఆ కుదుపులకు కప్లర్ నకిల్ (రెండు వ్యాగన్లను పట్టి ఉంచే కొక్కెం) విరిగిన రోజులున్నాయి. వ్యాగన్‌ను తిప్పి బొగ్గు పోసే టిప్లర్ దగ్గర, వ్యాగన్లను లోపలికి జరిపే సైడ్ ఆర్మ్ చార్జర్‌కు అందే చోట రేకును ఆపాలి. కొన్ని అడుగులు అటూ ఇటూ అయితే మళ్లీ వెనక్కి తీసి మళ్లీ తేవాలి. మా పాత ఇంజన్‌తో పైలట్ (డ్రైవరు) ఒకే ఊపులో చేసే పని దీంతో మూడు నాలుగు సర్దుబాట్లయ్యేది. రేకు ఖాళీ చేయడానికి రైల్వే ఇచ్చే ఫ్రీ టైము అలాగే కరిగిపోయేది, ఆపైన డెమరేజ్ (ఆలస్యానికి రైల్వే వేసే చార్జీ) మీటరు తిరిగేది. లోడింగ్ సెక్షన్ నుంచి ఫోను, ఆఫీసు నుంచి ఫోను, షిఫ్టంతా టెన్షన్.

చూపు సంగతి ఇంకా ముఖ్యం. మెయిన్ లైన్ ఇంజన్ పొడవాటి హుడ్ (ఇంజన్‌ను కప్పి ఉంచే డబ్బా) వైపు ముందుగా నడిస్తే వంపులో నిలబడ్డ పాయింట్స్‌మన్ పైలట్‌కు కనిపించడు. ఎక్స్‌ప్రెస్ లాగేటప్పుడు సిగ్నల్ దూరంగా, ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తారు. యార్డులో సిగ్నల్ అంటే ఒక మనిషి చెయ్యి, రాత్రయితే అతని చేతిలో లాంతరు. అది కనిపించకపోతే మధ్యలో ఇంకో మనిషిని నిలబెట్టి వాకీటాకీలో చెప్పించాలి. మేం అదే చేశాం. మాట దాటడానికి పట్టే ఆ రెండు మూడు సెకన్లలో ఇంజన్ కదులుతూనే ఉంటుంది.

ఆ సెకన్ల విలువ ఎంతో 2024 నవంబరులో బరౌనీ స్టేషన్‌లో అందరూ చూశారు. షంటింగ్ చేస్తుండగా ఒక రైల్వే ఉద్యోగి ఇంజన్‌కూ బోగీకీ మధ్య నలిగి చనిపోయాడు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది, వారం తిరిగేలోపు చర్చ ఆగిపోయింది. ఆ ప్రమాదానికి ఇంజన్ రకమే కారణమని నేను అనడం లేదు. నా బాధ వేరే. రెండు బండ్ల మధ్యలోకి దిగి కప్లింగ్ తగిలించే మనిషి ప్రాణం, ఇంజన్ అంగుళాల లెక్కన కదులుతుందా, పైలట్‌కు అతను కనిపిస్తున్నాడా, ఇద్దరి మధ్య మాట తేడా లేకుండా వెళ్తోందా అన్న మూడింటి మీద వేలాడుతోంది. ఈ మూడింటిలో మొదటి రెండూ ఇంజన్ డిజైన్ చేతిలోనే ఉన్నాయి.

ఇక డీజిల్ లెక్క. మెయిన్ లైన్ ఇంజన్ ఊరికే ఐడిల్‌లో నిలబడితే గంటకు పాతిక లీటర్ల దాకా తాగుతుందని రైల్వేనే చెప్పింది. అందుకే గంటకు మూడు లీటర్లతో సరిపెట్టే చిన్న సహాయక ఇంజన్లను కొన్ని లోకోలకు అమర్చారు కూడా. షంటింగ్ ఇంజన్ జీవితంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఖాళీగా ఉన్నప్పుడు ఆపేయొచ్చు కదా అని బయటివాళ్లు అడుగుతారు. బ్రేకులకు గాలి నిండి ఉండాలి, బ్యాటరీ సరిగా లేని పాత ఇంజన్ మళ్లీ స్టార్టవుతుందన్న భరోసా ఉండదు, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే సిబ్బంది ఆపరు, వాళ్లను తప్పు పట్టలేం. రోజుకు 12 గంటలు ఐడిల్ అనుకుంటే పదహారు సిలిండర్లకు 300 లీటర్లు. ఆరు సిలిండర్లతో అందులో సగం మిగిలినా రోజుకు 150 లీటర్లు, ఒక్క ఇంజన్‌కు. ఊరికే వచ్చిందనుకున్న ఇంజన్ ఖరీదు ఇదీ. పైగా ఓవర్‌హాల్‌లో పదహారు పిస్టన్లు, పదహారు లైనర్లు, పదహారు హెడ్లు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. లైన్లన్నీ కరెంటుకు మారిపోయాయి, మన రెండు రాష్ట్రాల్లోనూ బ్రాడ్ గేజ్ దాదాపు మొత్తం తీగ కిందకొచ్చింది, ఇప్పుడు డీజిల్ షంటింగ్ ఇంజన్ గురించి మాట్లాడటం ఎందుకు అంటారు. సరే, తీగ ఎక్కడి దాకా వచ్చిందో చూద్దాం. టిప్లర్‌లో వ్యాగన్‌ను తలకిందులు చేస్తారు, దాని పైన తీగ ఉండదు. గూడ్స్ షెడ్డులో పేలోడర్ బకెట్ పైకెత్తుతుంది, విశాఖ రేవులో క్రేన్ గ్రాబ్ వ్యాగన్ మీదికి దిగుతుంది, ఇక్కడ నెత్తిన 25 కిలోవోల్టులు పెట్టుకుని పని చేయలేం. తాండూరు, విష్ణుపురం వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో సరుకెక్కించే చోటా ఇదే ఇబ్బంది. ఎలక్ట్రిక్ ఇంజన్ వెయ్యి కిలోమీటర్లు లాక్కొచ్చిన రేకు చివరి అర కిలోమీటరు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి కరెంటు లైన్లు పెరిగినకొద్దీ తీగ లేని ఆ చివరి ముక్కకు సొంత ఇంజన్ అవసరం ఇంకా బలపడుతుంది.

మెయిన్ లైన్ ఇంజన్‌నే లోడింగ్ అయ్యేదాకా అట్టే పెట్టుకునే ఇంజన్-ఆన్-లోడ్ పద్ధతి ఉంది కదా అని ఇంకొందరు అంటారు. తీగ లోపలిదాకా వెళ్లగలిగిన టెర్మినల్లో అది మంచిదే, నేనూ మెచ్చుకుంటాను. మిగతా చోట్ల 6,000 హార్స్‌పవర్ ఇంజన్‌ను గంటల తరబడి కట్టేసుకుంటే మెయిన్ లైన్ మీద ఇంకో గూడ్సుకు ఇంజన్ కరువవుతుంది.

డబ్ల్యూడీఎస్-6ను శాశ్వతంగా ఉంచమని నేను అడగడం లేదు. దాని లోపాలు నాకు బాగా తెలుసు. నాచ్ ఎక్కించిన ప్రతిసారీ టర్బో అందుకునే లోపు నల్లటి పొగ కక్కుతుంది. ఊరి మధ్య యార్డుల్లో ఆ పొగ పక్క ఇళ్లలోకే పోతుంది. దాని వయసూ పెరిగింది, ఆల్కో కంపెనీ అమెరికాలో 1969లోనే మూతపడింది. వారసుడు రావాలి. కానీ ఆ వారసుడు షంటింగ్ కోసమే పుట్టినదై ఉండాలి.

ఈ దారిలో ప్రయత్నాలు జరగకపోలేదు. 2000ల్లో అమెరికా, కెనడాల్లో పెద్ద బ్యాటరీ, చిన్న డీజిల్ జనరేటర్ కలిపి గ్రీన్ గోట్ అనే హైబ్రిడ్ షంటింగ్ ఇంజన్లు చేశారు. కొన్నింటి బ్యాటరీలు అంటుకోవడంతో ఆ కథ మధ్యలో ఆగింది. ఒక పెద్ద ఇంజన్ బదులు మూడు 700 హార్స్‌పవర్ ఇంజన్లు పెట్టి, పనిని బట్టి ఒకటో రెండో స్టార్ట్ చేసే జెన్‌సెట్ లోకోలు కూడా వచ్చాయి, నిర్వహణ తలనొప్పులతో వాటి జోరూ తగ్గింది. అక్కడి రైల్వేలు కూడా కొత్త చిన్న షంటర్లు కొనడం మానేసి మెయిన్ లైన్ నుంచి దించిన ఇంజన్లను యార్డుల్లో పెట్టుకున్నాయి, మనం వేసిన అడుగే. మన దగ్గర 2020లో జబల్‌పూర్ డివిజన్ వాళ్లు తీగ ఉంటే తీగ మీద, లేకపోతే బ్యాటరీ మీద నడిచే షంటింగ్ లోకో చేసి నవదూత్ అని పేరు పెట్టారు. షంటింగ్‌కు ఇది సరిగ్గా సరిపోయే ఆలోచన. తక్కువ వేగం, తక్కువ దూరం, మధ్యలో బోలెడంత విరామం, బ్యాటరీకి ఇంతకన్నా అనువైన రైల్వే పని ఏముంది? నైపుణ్యం లేదనడానికి కూడా వీల్లేదు. ఆల్కో రకం లోకోలకు మైక్రోప్రాసెసర్ కంట్రోల్ వ్యవస్థలు చేసిన మేధా సంస్థ మన హైదరాబాద్‌దే.

కాబట్టి నేను అడిగేది ఇది. మెయిన్ లైన్ ఇంజన్‌ను యార్డుకు దించేటప్పుడు దాన్ని ఉచితంగా దొరికిందని లెక్క రాయకండి, దాని ఐడిల్ డీజిల్, విరిగే నకిళ్లు, డెమరేజ్ కలిపి రాయండి. కొత్త షంటింగ్ ఇంజన్‌కు టెండరు పిలిచేటప్పుడు మొదటి వరుసలో హార్స్‌పవర్ కాకుండా యాక్సిల్ బరువు, గంటకు అర కిలోమీటరు దగ్గర వేగం నిలకడ, క్యాబ్ నుంచి రెండు కప్లర్ల దగ్గర నిలబడ్డ మనిషి కనిపించడం, దానంతటదే ఆగి తిరిగి స్టార్టయ్యే వ్యవస్థ పెట్టండి. ఆ టెండరు రాసే గదిలో ఒక షంటింగ్ పైలట్‌నూ ఒక పాయింట్స్‌మన్‌నూ కూర్చోబెట్టండి.

సైడింగుల్లో పనిచేస్తున్న మిత్రులకు ఒక మాట. మీ లోకో లాగ్‌బుక్‌లో కదిలిన గంటలు రాసే అలవాటు ఉంటుంది, ఐడిల్ గంటలకు కాలమ్ ఉండదు. పెన్నుతో గీత గీసి ఆ కాలమ్ మీరే పెట్టండి. ఒక నెల అంకెలు చేతిలో ఉంటే పై ఆఫీసులో మీ మాట వినక తప్పదు.